కాఫీ తాగని మేము క్రాంజీకి వెళ్ళిన శనివారం

మా మనవరాలు హెప్సిబా సింగపూర్‌లో ఉద్యోగంలో చేరిన ఏడో నెలలో ఫోన్ చేసి, "అమ్మమ్మా, ఇంతవరకు మా ఇంటి తలుపు ఎవరూ కొట్టలేదు" అంది. జీతం గురించి, పని గురించి, తిండి గురించి అడిగాను. అన్నీ బాగానే ఉన్నాయంది. ఆఫీసువాళ్ళు ఒప్పందం ఇంకో రెండేళ్ళు పొడిగిస్తామన్నారట. వచ్చే నెలాఖరు సోమవారంలోపు కాగితం మీద సంతకం పెట్టాలట. పెట్టదలచుకోలేదు, వచ్చేస్తాను అంది. వాళ్ళ అమ్మానాన్నలకు సెలవులు దొరకలేదు. నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషిని. ఒక పిల్ల బడి మానేస్తానంటే కారణం కనుక్కోకుండా టీసీ రాసివ్వడం నాకు అలవాటు లేదు. అందుకని బయలుదేరాను. రాజమండ్రి నుంచి విశాఖకు రైల్లో మూడున్నర గంటలు, అక్కడి నుంచి నేరుగా విమానంలో నాలుగు గంటలు. మూడు వారాల ముందు కొంటే రానుపోను టికెట్టు ఇరవై మూడు వేల ఆరు వందల నలభై రూపాయలు పడింది. వీసా ఏజెంటుకు మూడు వేల రెండు వందలు. ఉండేది ఇరవై ఒక్క రోజులు.

ఈ బ్లాగు చదివేవారిలో చాలామందికి మా సంగతి తెలియదు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. లోకం మమ్మల్ని మోర్మన్లు అంటుంది. నేనూ మావారూ ఉపాధ్యాయులుగా ఉన్నప్పుడే ఆ విశ్వాసంలోకి వచ్చాం. రాజమండ్రిలో మా సమాజం చిన్నది, వంద మందికి అటూ ఇటూ ఉంటాం. మద్యం, పొగాకే కాదు, టీ, కాఫీ కూడా ముట్టం. ఆదివారం ఏమీ కొనం. సోమవారం సాయంత్రం కుటుంబమంతా ఒకచోట కూర్చుంటాం. ఇంకొక పద్ధతి ఉంది, ఈ కథకు అదే ముఖ్యం. మాలో ప్రతి ఇంటినీ కనిపెట్టుకుని ఉండమని ఇద్దరేసి మనుషులకు అప్పగిస్తారు. జ్వరం వస్తే ఆ ఇద్దరూ వస్తారు. ఇల్లు మారితే బీరువా మోయడానికి పిలవకుండానే పదిమంది వస్తారు. హెప్సీ అందులోనే పుట్టింది, అందులోనే పెరిగింది. ఇంజనీరింగ్ కూడా ఇంటి నుంచే వెళ్ళి చదివింది. దాని స్నేహితులంతా మా పిల్లలే. తనంతట తాను వెతుక్కుని స్నేహం చేసుకోవలసిన అవసరం దానికి ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

సింగపూర్‌లోనూ మా విశ్వాసం వాళ్ళు ఉన్నారు. ఆదివారం ఆరాధనకు హెప్సీ తప్పకుండా వెళ్తుంది, అక్కడ అందరూ మంచివాళ్ళే. కాని ఊరి ఆ చివర, ఈ చివర ఉంటారు. సోమవారం నుంచి శనివారం వరకు ఆ పిల్ల బతకవలసింది ఆఫీసులో, బుకిట్ బటోక్‌లోని తన ఫ్లాట్‌లో. ఆ ఫ్లాట్ దాని ఆఫీసు అమ్మాయిలు ఎవరూ చూడలేదు. రెండో గదిలో ఉండే నర్సు సెలవు మీద ఊరెళ్ళడంతో ఆ గది నాకు దొరికింది. చేరిన కొత్తలో హెప్సీ రెండు వారాలు ఎదురు చూసిందట, ఎవరైనా పలకరించడానికి వస్తారని. రాకపోయేసరికి తనే కేకు చేసి, ముక్కలు కోసి, ఆ అంతస్తులో పదకొండు తలుపులు కొట్టిందట. నాలుగు తెరుచుకున్నాయి. ఎదురింటి పెద్దాయన ఇనుప గ్రిల్ లోపలి నుంచే మాకేమీ వద్దని చెయ్యి ఊపాడు. ఒకావిడ ముక్క ఎంత అని ధర అడిగింది. మా ఊళ్ళో చుట్టరికం కలిపే పని ఇక్కడ అమ్మకంలా కనిపించింది. ఆ కేకు తనే నాలుగు రోజులు తిన్నానని చెప్పింది.

నేను వచ్చానని తెలిసి, దాని ఆఫీసులో పనిచేసే కరీంనగర్ అమ్మాయి ప్రసన్న ఫోన్ చేసింది. అమ్మమ్మను శనివారం ఊరికి ఉత్తరాన పొలాలున్న క్రాంజీ తీసుకెళ్దాం, మేకల ఫారం చూపిద్దాం అంది. తనతోపాటు వెయ్ లింగ్ అనే ఇక్కడి చైనీస్ అమ్మాయి కూడా వస్తుందంది. ముగ్గురూ ఆఫీసులో ఒకే వరుసలో కూర్చుంటారట. మొదట్లో ఈ ఇద్దరూ తనను అన్నిటికీ పిలిచేవారని, రెండు నెలల తర్వాత పిలవడం మానేశారని హెప్సీ చెప్పింది. నీ తప్పేమైనా ఉందా అని అడిగాను. లేదంది. నేను నమ్మాను.

శనివారం ఉదయం ఎనిమిదింటికి బుకిట్ బటోక్ స్టేషన్‌లో రైలెక్కాం. క్రాంజీ అదే లైన్‌లో నాలుగో స్టేషన్, పదిహేడు నిమిషాలు పట్టింది. చార్జీ నాకు ఒక డాలరు డెబ్బై ఎనిమిది సెంట్లు అయింది. ఏటా మారుతుంది కాబట్టి మీరు వెళ్ళేటప్పుడు చూసుకోండి. క్రాంజీ స్టేషన్ నుంచి పొలాలవైపు బస్సులు ఉన్నాయి కాని చాలా ఆగాలి. పైగా ఆ దారిలో జనం తక్కువ. అక్కడక్కడా కార్మికుల వసతి భవనాలు, చెట్లు, కంచెలు, అంతే. అందుకని ప్రసన్న నాలుగు గంటలసేపు తిరగడానికి ఒక వ్యాన్ మాట్లాడింది. వంద డాలర్లు, మనిషికి ఇరవై ఐదు. అమ్మమ్మ దగ్గర తీసుకోనంటే నేనే దాని సంచిలో పెట్టాను.

డ్రైవరు పేరు నాయుడు గారు. అరవై దాటినవారు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రేవులో పనిచేశారట. ఆయన తెలుగులో తమిళం, మలాయి కలిసిపోయి ఉన్నాయి కాని ఒక్క మాటా అర్థం కాకుండా పోలేదు. మేము ఎనిమిదీ ఇరవై ఐదుకు వచ్చాం, అమ్మాయిలిద్దరూ ఎనిమిదీ యాభైకి వచ్చారు. నేను గడియారం వైపు చూడటం గమనించి నాయుడు గారు, "కోపం వద్దమ్మా, శనివారం కదా, మేకలు ఎక్కడికీ పోవు" అన్నారు.

మేకల ఫారంలో ప్రవేశానికి డబ్బు లేదు. పాలు పిండటం చూడాలంటే తొమ్మిది, పదకొండు మధ్య వెళ్ళాలి. మేకలు వరుసగా ఎత్తయిన అరుగు మీదికి ఎక్కి తమ తమ చోట్లలో నిలబడతాయి. యంత్రాలు తగిలించగానే మేత తింటూ ఊరుకుంటాయి. పని అయిన మేక దిగుతుంది, తర్వాతది ఎక్కుతుంది. నాకు ఆ క్రమశిక్షణ బాగా నచ్చింది. గడ్డికట్ట ఐదు డాలర్లు, పాల సీసా మూడున్నర. పాలు చల్లగా, చిక్కగా ఉన్నాయి, నేననుకున్న మేక వాసన లేదు. వెయ్ లింగ్ ఒక్కొక్క మేకకూ పేరు పెడుతూ గడ్డి తినిపించింది. హెప్సీ నవ్వడం నేను వచ్చాక అదే మొదటిసారి చూశాను.

పదింటికి రేకుల పందిరి కింద బెంచీ మీద కూర్చున్నాం. ప్రసన్న సంచిలోంచి స్టీలు ఫ్లాస్కు తీసింది. అమ్మమ్మ కోసం పొద్దున ఐదింటికి లేచి అల్లం, యాలకులు దంచి టీ చేశానని చెప్పి, కప్పు నింపి రెండు చేతులతో నాకు అందించింది. నేను ఆ కప్పు అందుకుని పక్కన పెట్టి, "అమ్మా, మేము టీ, కాఫీ తాగం. అది మా విశ్వాసంలో నియమం. ఇంత కష్టపడి చేసుకొచ్చావు, అందుకు సంతోషం. నేను పాలు తాగుతాను" అన్నాను.

ప్రసన్న ఏమీ నొచ్చుకోలేదు. తనకు తెలియదని, తెలిస్తే బాదం పాలు తెచ్చేదాన్నని చెప్పి ఆ కప్పు వెయ్ లింగ్‌కు ఇచ్చింది. అంతలోనే నా వైపు తిరిగింది.

"మేము అంటే? హెప్సీ గూడనా?"

"హెప్సీ పుట్టినప్పటినుంచీ తాగలేదు" అన్నాను.

"మరి అల్సర్?"

"ఏ అల్సర్?"

ఆ పందిరి కింద అందరం హెప్సీ వైపు చూశాం. దాని ముఖం చూస్తే నాకు సంగతి మొత్తం తెలిసిపోయింది. పరీక్షలో పక్కవాళ్ళ కాగితం చూసి దొరికిపోయిన పిల్లల ముఖాలు ముప్పై నాలుగేళ్ళు చూశాను.

వాళ్ళ ఆఫీసులో రోజూ పదిన్నరకు, మూడింటికి అందరూ కింద కాఫీ కొట్టుకు వెళ్తారు. పని మాటలు, ఇంటి మాటలు అన్నీ అక్కడే నడుస్తాయి. మొదటి వారంలో ఎవరో కాఫీ ఇస్తే హెప్సీ తనకు కడుపులో పుండు ఉందని చెప్పింది. రెండో వారంలో డాక్టరు వద్దన్నాడని చెప్పింది. వాళ్ళు నమ్మారు. నమ్మినవాళ్ళు చేయవలసినదంతా చేశారు. కారం పడదని బిర్యానీకి పిలవడం మానేశారు. అలసిపోతుందని సాయంత్రాలు పిలవడం మానేశారు. ఇంటికి వస్తే లేచి వండిపెడుతుందని ఇంటికి రావాలన్న ఆలోచనే మానుకున్నారు. వెయ్ లింగ్ వాళ్ళమ్మ అయితే ప్రతి బుధవారం మెత్తగా బియ్యం గంజి కాచి, డబ్బాలో పోసి పంపిస్తోంది. ఏడు నెలలుగా. ఇంట్లో ఎక్కువైంది తెచ్చానని ఆ పిల్ల చెబితే హెప్సీ అదే నిజమనుకుని తింటోంది.

"నువ్వు వద్దంటే మేము బలవంతంగ తాగిపిస్తమా?" అంది ప్రసన్న. గొంతు పెంచలేదు. "ఒక్క మాట జెప్తే ఐపోవు గదనే. నీకేమన్న అయితదేమో అని నేను మా అమ్మతోని గూడ చెప్పిన. ఆమె నీ పేరు మీద వేములవాడల మొక్కింది."

వెయ్ లింగ్‌కు తెలుగు రాదు. ప్రసన్న ఇంగ్లీషులో చెప్పాక ఆ పిల్ల కప్పు కింద పెట్టి, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే "లా"తో "ఓకే లా" అని మాత్రం అని, లేచి మేకల దగ్గరికి వెళ్ళిపోయింది. గడ్డి ఏమీ మిగల్లేదు. అయినా అక్కడే నిలబడింది.

పదకొండుంబావుకు యుద్ధవీరుల సమాధుల తోటకు వచ్చాం. క్రాంజీ స్టేషన్ నుంచి నడిచినా పది, పన్నెండు నిమిషాలే. ప్రవేశం ఉచితం. గొడుగు తప్పనిసరి, ఎక్కడా నీడ లేదు. పచ్చగడ్డి వాలు మీద తెల్లరాళ్ళు వరుసలు తప్పకుండా నిలబడి ఉంటాయి. పైన పెద్ద గోడల మీద, సమాధి దొరకని సైనికుల పేర్లు వేలల్లో చెక్కి ఉన్నాయి. అందులో మన దేశం వాళ్ళు చాలామంది. గతించినవారి పేర్లు వెతికి రాసిపెట్టడం మా విశ్వాసంలో ఒక పని. అందుకని నేను కళ్ళజోడు పెట్టుకుని దక్షిణాది పేర్లు వెతికాను, పద్నాలుగు రాసుకున్నాను. ఆ ఇద్దరు అమ్మాయిలూ కింద వ్యాన్ దగ్గరే ఉండిపోయారు. హెప్సీ నా మీద గొడుగు పట్టుకుని నిలబడింది. పదిహేనో పేరు దగ్గర, "నీవల్లే వాళ్ళ స్నేహం కూడా పోయింది, అమ్మమ్మా" అంది.

అబద్ధం నాది కాదన్నాను.

"మొదటిరోజే చెబుదామనుకున్నాను. నియమం అంటే ఎందుకు అంటారు. మతం అంటే ఇక నన్ను చూసినప్పుడల్లా మతం మార్చడానికి వచ్చిందనుకుంటారు. అల్సర్ అంటే ఎందుకు అని ఎవరూ అడగరు." గొడుగు నా మీదికి ఇంకాస్త వంచి, "నువ్వు నీ స్టాఫ్ రూములో ఏం చెప్పేదానివి? నాకు ఎప్పుడూ చెప్పలేదే" అంది.

మా బడిలో అందరికీ టీ వచ్చేటప్పుడు అటెండరు నాకు వేడి పాలు తెచ్చేవాడు. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. ఆ బడికి మావారు నాకంటే రెండేళ్ళు ముందు బదిలీ మీద వచ్చారు, ఆయన చెప్పి ఉంటారు. చిన్న ఊరు కాబట్టి ఆ తర్వాత అందరికీ తెలిసిపోయింది. నా జన్మలో టీ కప్పు ఎదురుగా పెట్టుకుని ఆ మాట నా నోటితో నేను చెప్పింది ఈ ఉదయమే, డెబ్బై ఒకటో ఏట. పిల్లకు నియమం నేర్పాను. అది నలుగురిలో ఎలా చెప్పాలో నేర్పలేదు, ఎందుకంటే నాకే దాని అవసరం రాలేదు.

అది హెప్సీతో చెప్పాను. చెప్పి, అయినా అబద్ధం అబద్ధమేనని, భోజనానికి ముందే ఇద్దరికీ క్షమాపణ చెప్పాలని, కారణాలు ఏకరువు పెట్టకూడదని చెప్పాను. చెబుతానంది. చెప్పేసి వెళ్ళిపోతాను, ఎల్లుండి సోమవారం ఆ కాగితం మీద సంతకం పెట్టను, ఇక ఏ ముఖం పెట్టుకుని ఆ వరుసలో కూర్చోవాలి అంది. నేను గొడుగు అందుకున్నాను.

భోజనానికి బుకిట్ బటోక్ వచ్చేద్దామని ముందే అనుకున్నాం. పొలాల దగ్గర హోటళ్ళలో ఒక్కొక్కరికి పదహారు, పద్దెనిమిది డాలర్లు అవుతుంది. ఇక్కడి బ్లాకుల కింద తిండి కొట్లలో ఆరేడు డాలర్లకు కడుపు నిండుతుంది. ఆ ముగ్గురూ వెనక ఎక్కారు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. నాయుడు గారు ఏమైందని అడగలేదు. పందిరి కిందే ఉన్నారు, అంతా విన్నారు. కాసేపటికి తన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళ తాత కాలంలో రేవు పనివాళ్ళ లైన్ ఇళ్ళలో అందరూ మనవాళ్ళేనట, ఒకరింట్లోకి ఒకరు తలుపు కొట్టకుండా వచ్చేవారట. తర్వాత ఆ ఇళ్ళు తీసేసి ఫ్లాట్లు ఇచ్చారు.

"మా అమ్మ ఫ్లాటుకొచ్చినాక రెండేళ్ళు తలుపు తీసిపెట్టి కూచుంది, ఎవరో వస్తారని. ఎవురూ రాలే. చుట్టూ సీనావాళ్ళు, మలాయివాళ్ళు. మా నాయన తిట్టేవాడు, దోమలొస్తాయి తలుపెయ్యి అని. మూడో ఏడు అమ్మే పోయి ఎదురింటి మలాయి ఆంటీని మకాన్‌కి పిలిచింది. అమ్మకి మలాయిలో వచ్చిన మాట అదొక్కటే, అన్నం తిందువు రమ్మని. అంతే. అమ్మ పోయినరోజు అందరికంటే ముందొచ్చింది ఆ ఆంటీనే."

నేను వెనక్కి తిరిగి చూశాను. హెప్సీ కిటికీలోంచి బయటికి చూస్తోంది కాని వింటోంది.

పన్నెండు నలభైకి చేరాం. నాయుడు గారిని కూడా భోజనానికి రమ్మన్నాను. బల్ల దొరకగానే, ఎవరూ పళ్ళేలకు లేవకముందే హెప్సీ నిలబడింది. ముందు వెయ్ లింగ్‌కు ఇంగ్లీషులో చెప్పింది. నాకు ఏ జబ్బూ లేదు, అబద్ధం చెప్పాను, మీ అమ్మగారి చేత ఏడు నెలలు శ్రమ చేయించాను, తప్పు నాది అంది. తర్వాత ప్రసన్నకు తెలుగులో చెప్పింది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. నేను కూడా లేచి, "దానికి చెప్పడం నేర్పవలసింది నేను. నేర్పలేదు. నన్నూ క్షమించండి" అన్నాను. ఉద్యోగంలో ఉండగా నేను ఆ మాట ఎవరితోనైనా అన్నానేమో గుర్తులేదు.

వెయ్ లింగ్ కుర్చీ ముందుకు లాక్కుంది. తర్వాత, సరే, గంజి మాత్రం బాగుందా లేదా, ఈసారి నిజం చెప్పు అని అడిగింది.

"ఉప్పు తక్కువ" అంది హెప్సీ.

"అయ్యో, నీ అల్సర్ కోసమే మా అమ్మ ఉప్పు మానేసింది లా" అని ఆ పిల్ల నవ్వింది. ప్రసన్నకు అంత తొందరగా నవ్వు రాలేదు. వేములవాడ మొక్కు ఇప్పుడు ఎవరు తీర్చాలి అని అడిగింది. అడిగాక తనకే నవ్వొచ్చింది.

భోజనాలు సగంలో ఉండగా నేను ఒక పొరపాటు చేశాను. ఇది మావాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. సంచిలోంచి క్యాలెండరు తీసి, ప్రసన్నకూ వెయ్ లింగ్‌కూ చూపించి, ఇకనుంచి మీరిద్దరూ ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం ఐదింటికి హెప్సీ ఇంటికి వెళ్ళి క్షేమం కనుక్కోండి అని చెప్పాను. ఒక నెల కుదరకపోతే ముందుగా ఫోన్ చేయాలని కూడా చెప్పాను. మా ఊళ్ళో ఇది చాలా మామూలు మాట. ఇక్కడ ముందు నాయుడు గారికి పొలమారింది.

"అమ్మమ్మా, మాకు డ్యూటీ ఏస్తున్నరా?" అంది ప్రసన్న. "మరి అటెండెన్స్ ఎవరు తీస్కుంటరు?"

"అమ్మమ్మా, నువ్వు ఆగు" అంది హెప్సీ. అది ఎప్పుడూ నాతో అలా అనలేదు. నేను ఆగాను. అది వాళ్ళ వైపు తిరిగింది. "డ్యూటీ ఏమీ లేదు. వచ్చే శనివారం నాలుగింటికి మా ఇంటికి రండి. పులిహోర, గారెలు చేస్తాం. నాయుడు అంకుల్, మీరు కూడా రండి, ఆంటీని తీసుకుని." ఎనిమిది నెలల్లో అది ఒక మనిషిని నోరు తెరిచి పిలవడం అదే మొదటిసారని నాకు తర్వాత చెప్పింది.

వస్తామన్నారు. ప్రసన్న మాత్రం, "నేను చాయ్ లేకుంట గంట కంటె ఎక్కువ కూసోలేను. కింద కొనుక్కొని పైకి తెచ్చుకోవచ్చునా?" అని అడిగింది.

హెప్సీ నా వైపు చూసింది. మా ఇంట్లో టీపొడి గాని, కాఫీపొడి గాని ఒక్క చెంచా ఏనాడూ అడుగుపెట్టలేదు. నా సొంత తమ్ముడు వచ్చినా వీధి చివర బడ్డీకి వెళ్ళి తాగి వచ్చేవాడు. ఆ పద్ధతి తప్పని నేను ఇప్పటికీ అనుకోను. కాని అది నా ఇల్లు.

"నన్ను చూడకు. అద్దె కట్టేది నువ్వు" అన్నాను.

హెప్సీ ప్రసన్న వైపు తిరిగింది. "తెచ్చుకోండి. నాకు మాత్రం పోయొద్దు" అంది.

ఆదివారం ఆరాధనకు వెళ్ళివచ్చాం. సోమవారం పొద్దున హెప్సీ ఆఫీసుకు వెళ్ళేటప్పుడు నేను కాగితం గురించి అడగలేదు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతూ తనే చెప్పింది, మధ్యాహ్నం భోజనానికి ముందే సంతకం పెట్టేశానని. "రెండేళ్ళు చేస్తాను, అమ్మమ్మా. శనివారం వాళ్ళు రాకపోయినా చేస్తాను. రాకపోతే మళ్ళీ పిలుస్తాను." పదిన్నరకు అందరితో కాఫీ కొట్టుకు వెళ్ళిందట. ఎందుకు తాగవు అని ఒకరు అడిగారట. ఒక వాక్యంలో చెప్పిందట. అతను ఓహో అని క్రికెట్ గురించి మాట్లాడటం మొదలుపెట్టాడట. ఎనిమిది నెలలు దేనికి భయపడ్డానో తెలియడం లేదంది.

శనివారం వాళ్ళు వచ్చారు. నాలుగింటికి రమ్మంటే నాలుగున్నరకు. ఇక్కడి పద్ధతిలో దారం కట్టిన ప్లాస్టిక్ సంచుల్లో టీ, కాఫీ కొనుక్కొచ్చుకున్నారు. వెయ్ లింగ్ వాళ్ళమ్మ కూడా వచ్చింది, ఈసారి ఉప్పు వేసిన గంజితో. మా భాష ఆవిడకు రాదు, ఆవిడ భాష నాకు రాదు. ఇద్దరం వంటింట్లో గారెలు వేశాం. ఆవిడకు చిల్లు పెట్టడం మూడో గారెకు వచ్చింది. ఎదురింటి పెద్దాయన వాసనకు గ్రిల్ దగ్గర నిలబడితే హెప్సీ పళ్ళెంలో రెండు పెట్టి ఇచ్చింది. ఈసారి ఆయన వద్దని చెయ్యి ఊపలేదు. ఏడింటికి అందరూ వెళ్ళాక కూడా హాల్లో కాఫీ వాసన అలాగే ఉంది. కిటికీలు తెరవమని నేను అనలేదు.

మా సమాజం మమ్మల్ని మూసి పెట్టిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అక్కడ మమ్మల్ని ఎవరికి అప్పగించారో వాళ్ళు మమ్మల్ని నిజంగానే చూసుకున్నారు, ఇప్పటికీ చూసుకుంటున్నారు. బయట మాత్రం మనల్ని ఎవరికీ అప్పగించరు. పిలవవలసింది మనమే, మన సంగతి చెప్పవలసింది మనమే. ఇందులో విశ్వాసానికి వచ్చే నష్టం నాకేమీ కనిపించలేదు. రాజమండ్రి తిరిగి వచ్చాక, ఉద్యోగాలకు బయలుదేరబోయే మా పిల్లలకు ఆదివారం తరగతిలో పది నిమిషాలు అడిగి తీసుకున్నాను. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెడతాను. ఒకరు ఖాళీ కప్పు అందిస్తారు, ఇంకొకరు నవ్వుతూ, తడబడకుండా, ఒకే వాక్యంలో చెప్పాలి. చెప్పాక ఎదుటివాళ్ళను భోజనానికి పిలవాలి. మొదటి వారం ఒక్కరికీ సరిగా రాలేదు. ఇప్పుడు ఆరుగురికి వచ్చింది.

మీరు ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్కటి చేయండి. మీరు తిననిది, తాగనిది ఏదైనా ఉంటే వ్యాన్ మాట్లాడుకున్న రోజే తోటివాళ్ళకు చెప్పండి. చెప్పేటప్పుడు వద్దన్నదానితో ఆపకుండా, ఏది తీసుకుంటారో కూడా కలిపి చెప్పండి. సింగపూర్‌లో దాదాపు ప్రతి తిండి కొట్లోనూ బార్లీ నీళ్ళు దొరుకుతాయి. గ్లాసు డాలరున్నర, వేడిగానూ ఇస్తారు. అందరూ కాఫీ తాగుతున్నంతసేపూ అది చేతిలో పట్టుకుని కూర్చోవచ్చు.